ఆరంగుళాల దోషం

మొన్న సంక్రాంతికి కె.గంగవరం వెళ్ళేటప్పుడు మావాడు కొత్తబట్టల పెట్టెను నా నెత్తిన పెట్టి, తాను మాత్రం ఒక పొడుగాటి అట్టపెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని రైలెక్కాడు. అందులో వున్నది ఎయిర్ రైఫిలు. వాళ్ళ మేనమామ ముచ్చటపడి కొనిచ్చాడు. .177 బోరు, 20 జౌల్సుకు మించని బలం గనుక 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కరలేదట. నేను తెలుగు లెక్చరర్ని. ద్రోణుడు చెట్టుమీద పిట్టను చూపించి శిష్యుల్ని పరీక్ష చేసిన కథ ఏటా చెపుతాను. గురితో నాకున్న సంబంధం అంతవరకే.

“పిట్టల జోలికి పోయావో, తుపాకి గోదాట్లో పారేస్తాను” అని ముందే చెప్పాను. వాడికా ఉద్దేశం లేదు. 2012 లండన్ ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కంచు పతకం తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాదులో పెరిగినవాడే కదా, ఆయన బొమ్మ వాడి పుస్తకాల బీరువా తలుపుమీద వుంది. ఆ పోటీల్లో దుర్భిణి వాడనివ్వరు, చిన్న రంధ్రంలోంచి చూసి కొట్టాలి. మావాడి తుపాకిమీద మాత్రం మూరెడు దుర్భిణి దర్జాగా కూర్చుని వుంది.

పెరట్లో కొబ్బరిచెట్ల వెనక మట్టిగోడకు ఇసుకబస్తా ఆనించి, దానికో అట్ట కట్టి, బొగ్గుతో సున్న చుట్టాడు. 20 గజాల దూరం. గుండ్లు సున్నకు 6 అంగుళాలు దిగువన పడ్డాయి. దుర్భిణి నెత్తిన వున్న మర టిక్కు టిక్కుమని తిప్పాడు. గుండ్లు పైకి జరిగాయి. ఇహ తగిలినట్టే అనుకుంటుండగా ఒకటి కుడికీ, ఒకటి కిందికీ, మరొకటి అట్ట అంచుకూ పోయాయి. మర్నాడూ అదే వరస. భోగినాడు చుట్టాలందరూ అరుగుమీద కూర్చుని వేడుక చూస్తున్నారు.

అప్పుడు నేనో మాట అన్నాను. “దోషం తుపాకిది కాదురా. నీకు నిలకడ లేదు. ఫిజిక్సులో అంతే, ఇందులోనూ అంతే.”

మా బావగారు నవ్వారు. వాడు మారు మాట్లాడలేదు. తుపాకిని గోనెలో చుట్టి అటకెక్కించాడు. కనుమనాడు గారెలు వడ్డిస్తే ఆకలి లేదన్నాడు. పదహారేళ్ళవాడు గారెల ముందునుంచి లేచిపోయాడంటే ఆ మాట ఎంత లోతుగా దిగిందో ఊహించండి. మా అమ్మ నా దగ్గరకొచ్చి, “పదిమందిలో బిడ్డని అలా అనచ్చుట్రా!” అని వెళ్ళిపోయింది.

నిజానికి ఆ మాట అనవలసినవాణ్ణి నేను కాను. చిన్నప్పుడు కోటిపల్లి శివరాత్రి తీర్థంలో బుడగలు పేల్చే తుపాకులవాడి దగ్గర నా డబ్బులు ఎన్ని తగలేశానో లెక్కలేదు. తుపాకి గురిలోనే మోసం వుందనీ, బుడగకు బెత్తెడు ఎడంగా చూసి కొట్టాలనీ కనిపెట్టింది నేనే. నా విషయంలో తుపాకిది తప్పు, కొడుకు విషయంలో కొడుకుది తప్పు!

ఆ సాయంత్రం మా వీధిలో వుండే హవల్దారు బాబాయిగారు వచ్చారు. సైన్యంలో చేసి రిటైరయిన మనిషి. సంగతి విని తుపాకి దింపించారు. మొదట దుర్భిణి వూడదీసి పక్కన పెట్టారు. గొట్టంమీద వుండే మామూలు ఇనపగురితో అయిదు కొట్టమన్నారు. మావాడు బిక్కమొహంతో కొట్టాడు. అయిదూ సున్నకు కాస్త ఎడమగా పడ్డాయి గాని, అన్నిటినీ కలిపి రూపాయిబిళ్ళతో మూసేయవచ్చు.

“గుత్తిగా పడ్డాయంటే చెయ్యి మంచిదే. గుత్తి ఎక్కడ పడిందన్నది గురి సంగతి. దాన్ని మరతో జరుపుకోవచ్చు” అన్నారాయన నావైపు చూడకుండా.

తరువాత దుర్భిణి రహస్యం చెప్పారు. పైగొట్టంలో మరో సన్నగొట్టం వుంటుందిట. పైనుంచీ పక్కనుంచీ రెండు మరలు దాన్ని నొక్కుతుంటే, ఎదుటినుంచి ఒక స్ప్రింగు తన్నిపెట్టి వుంచుతుంది. ఒక్కో టిక్కుకు పావు మినిట్టు జరుగుతుంది. మినిట్టంటే డిగ్రీలో అరవయ్యోవంతు, 100 గజాల దూరాన సుమారు ఒక అంగుళం. 20 గజాలకు అందులో అయిదోవంతే. ఆ లెక్కన ఆరంగుళాలు పైకి తేవాలంటే 115 టిక్కులదాకా కావాలి. మావాడి దుర్భిణికి మధ్యనుంచి పైకి వున్నవే 120! మర చివరికంటా వచ్చేసరికి లోపలి స్ప్రింగు సాగిపోయి బిగువు చచ్చింది. దానికితోడు, మధ్యకు విరిచి గుండు పెట్టే ఈ స్ప్రింగు తుపాకి పేలగానే ముందు వెనక్కు తన్ని, మరుక్షణం ముందుకు గుంజుతుంది. ఆ రెండు కుదుపులకూ సన్నగొట్టం కదిలిపోయి, గుండుగుండుకూ ఒక కొత్తచోట కూర్చుంటోంది. ఇలాంటి తుపాకుల గొట్టం ముందువైపు కొద్దిగా వాలి వుండడం మామూలేనట. అసలు రోగం అక్కడుంది.

మందేమిటో తెలుసునా? మా అమ్మ మోకాలి ఎక్స్‌రే. ఆ ఫిల్ములోంచి రెండు ముక్కలు కత్తిరించి దుర్భిణి వెనక కడియం కింద పరిచి బిగించారు. వెనక వెంట్రుకవాసి లేచేసరికి 50 టిక్కులదాకా మిగిలాయి. మర నడిమికి దగ్గరగా వచ్చింది. మూడో విడతకు గుండ్లు సున్నలో పడ్డాయి. “నా మోకాలు ఇన్నాళ్ళకు ఒకరికి పనికొచ్చింది” అని మా అమ్మ మురిసిపోయింది.

చుట్టాలు అరుగుమీదే వున్నారు. భోగినాడు అన్నంత గట్టిగానూ, “తప్పు నాదేరా” అన్నాను. వాడు విననట్టే గొట్టం తుడుచుకున్నాడు. కాసేపటికి తుపాకి నా చేతికిచ్చి, “మీరోటి కొట్టండి నాన్నగారూ” అన్నాడు.

కొట్టాను. గుండు బస్తాను కూడా తాకలేదు. మట్టిగోడ పెచ్చు రాలింది. బావగారు మళ్ళీ నవ్వారు. ఏమంటాడోనని వాడివైపు చూశాను.

“మీకు చత్వారం కదండీ, లోపలి గీతలు అలుక్కుపోయి వుంటాయి. కంటిదగ్గర అద్దం ఇలా తిప్పుకోండి” అని నా చెయ్యి పట్టుకుని తిప్పించాడు.