అమ్మ మిషను

ఇంట్లో పాత వస్తువుకు ఇద్దరు శత్రువులు. ఒకరు దాన్ని తూకానికి అమ్మెయ్యమనేవారు. రెండోవారు దాన్ని తుడిచి, మెరుగుపెట్టి, హాల్లో పూలకుండీ పక్కన నిలబెట్టమనేవారు. మొదటివారి వల్ల వస్తువే పోతుంది. రెండోవారి వల్ల వస్తువు నిలుస్తుంది గాని, దాని పని పోతుంది.

మా అమ్మ కుట్టు మిషనుకు ఈ రెండు గండాలూ వచ్చాయి. అమ్మకు చూపు మసకేశాక 1988లో అటకెక్కించిన మిషను అది. అమ్మ పోయాక కూడా అక్కడే ఉండిపోయింది. మధ్యలో 2009లో మాత్రం దానికి కొద్దిరోజులు మహర్దశ పట్టింది. రియాద్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఫోను చేసి, "మావయ్యా, అమ్మమ్మ మిషను ఎవరికీ ఇవ్వకండి!" అన్నాడు. పాత సింగర్ మిషన్లలో 'ఎర్ర పాదరసం' అనే అమూల్య పదార్థం ఉంటుందని ఆ ఏడు సౌదీ అరేబియాలో వదంతి పుట్టింది. జనం వేలకు వేలు పోసి పాత మిషన్లు కొన్నారు. సెల్‌ఫోను దగ్గర పెడితే లైను తెగిపోతుందని, అదే పరీక్ష అనీ చెప్పుకున్నారట! అంతా కట్టుకథేనని తర్వాత తేలింది. మా ఆవిడ మాత్రం వారం రోజులపాటు అటక వంక భక్తితో చూసింది.

నిరుడు ఇంటికి సున్నాలు వేయిస్తూ మిషనును కిందికి దింపాం. "దీనిమీద చిన్న దీపం పెడితే ఎంత బాగుంటుందో, మావయ్యగారూ!" అంది మా కోడలు. పాత సామాన్లు కొనే పెద్దమనిషి ఒకాయన వచ్చి చూసి పెదవి విరిచాడు. "బంగారు పూలు అరిగిపోయాయండీ. కొత్తగా నల్లరంగు కొట్టించి, పూలు అతికిస్తే ఏమైనా ధర పలుకుతుంది" అన్నాడు.

అప్పుడు నేను కళ్ళజోడు పెట్టుకుని, మిషను ముందు కూర్చున్నాను.

మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంటే ఇలా చూడండి. కుడివైపు పీఠం మీద చెక్కిన నంబరు ఉంటుంది. సింగర్ మిషన్లలో అక్షరం లేకుండా వట్టి అంకెలే ఉన్నవి 1900కు ముందువి. మాదాని నంబరు ముందు 'ఎఫ్' ఉంది. అంటే స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారంలో, 1910 తర్వాతి పదేళ్ళలో తయారైంది. కంపెనీ అమెరికాదే అయినా, మన దేశానికి వచ్చిన మిషన్లు చాలావరకు అక్కడివే. నాలుగు ముఖాల పెద్ద గడియార స్తంభంతో ఊరంత కర్మాగారం అది. 1941 మార్చిలో జర్మన్ బాంబులు పడ్డా నిలిచి, 1980లో మూతపడింది. అక్కడి రైల్వే స్టేషనుకు మాత్రం ఇప్పటికీ 'సింగర్' అనే పేరు.

ఇక రకం. మనం మామూలుగా చూసే మిషన్లలో బాబిన్ గుండ్రంగా ఉండి డబ్బాలో కూర్చుంటుంది. మాదానికి రేకు జరిపితే తూటా ఆకారపు షటిల్ కనిపించింది. అందులో పొడుగాటి సన్నని బాబిన్. చక్రం తిప్పితే ఆ షటిల్ ముందుకూ వెనక్కూ ఊగుతూ పై దారంలోంచి దూరి వస్తుంది. పీఠం కొంచెం చిన్నది. దీన్నే ఇరవై ఎనిమిదో నంబరు మిషను అంటారు.

యంత్రాల వ్యామోహాన్ని నిరసించిన గాంధీగారు కూడా 1924లో కుట్టు మిషనును మాత్రం మినహాయించి మెచ్చుకున్నారు. భార్య పడుతున్న శ్రమ చూడలేక సింగర్ దాన్ని చేశాడన్న కథ ఆయనకు నచ్చింది. మా ఇంట్లో కథ వేరు. 1963లో మా నాన్నగారు పోయారు. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక రైల్వే గార్డుగారి భార్య దగ్గర, మా అమ్మ తన రెండు గాజులూ అమ్మి ఈ మిషను కొన్నది. తెనాలిలో మా వీధి వసారాలో పాతికేళ్ళపాటు అది ఆడింది. నేనూ, తమ్ముడూ దానిమీదే చదువుకున్నాం. చెల్లాయి ఎనిమిదో తరగతిలో బడి మాని, అమ్మ పక్కన కూర్చుని కాజాలు కుట్టింది, గుండీలు వేసింది.

పెద్దమనిషి పెదవి విరిచిన పూలు ఎక్కడ అరిగాయో గమనించాను. వెనకవైపు, స్తంభం మీద, అన్నీ మెరుస్తూనే ఉన్నాయి. సూదికి ముందువైపు, ఎడమచేత్తో గుడ్డను ఆపిపట్టేచోట మాత్రం వట్టి ఇనుము తేలింది. అది అమ్మ చెయ్యి అరగదీసిన చోటు. రంగు కొట్టించనని ఆయనకు చెప్పి పంపేశాను.

మిషన్లు బాగుచేసే ముసలి సాయిబుగారిని ఇంటికి పిలిపించాను. చక్రం కదలలేదు. "కొబ్బరినూనె వేసేవారా, మాస్టారూ?" అన్నాడాయన. నిజమే, మిషను నూనె లేనప్పుడు అమ్మ అదే వేసేది. అది ఎండి జిగురై బిగుసుకుపోతుంది. కిరసనాయిలు దొరకడమే గగనమైన ఈ రోజుల్లో ఎలాగో ఒక సీసాడు సంపాదించి, రంధ్రాలన్నిటిలో చుక్క చుక్క వేసి రాత్రంతా వదిలేశాం. "బలవంతం చెయ్యకండి. ఇనుముకు టైమివ్వాలి" అన్నాడు సాయిబుగారు. మూడోనాటికి చక్రం పావువంతు కదిలింది, అయిదోనాటికి పూర్తిగా తిరిగింది. తర్వాత కిరసనాయిలు తుడిచి అసలు మిషను నూనె వేశాం. బంగారు పూలను మాత్రం కిరసనాయిలు అంటనీయకుండా, నూనె ముంచిన దూదితో మెల్లగా తుడిచాం.

సూది దిగే రేకు విప్పినప్పుడు, గుడ్డను తోసే పళ్ళ మధ్య పేరుకున్న నూగు అట్టముక్కలా ఊడివచ్చింది. వెలుతురులో చూస్తే పొరలు పొరలుగా రంగులు. ఖాకీ, బడిపిల్లల నిక్కర్లది. తెలుపు, లోపావడాలది. మధ్యలో సన్నగా ఎరుపు, ఎవరి పెళ్ళి రవికలదో! సాయిబుగారు దాన్ని పారెయ్యబోతే అడిగి తీసుకుని, అగ్గిపెట్టెలో దాచాను.

కొత్త బెల్టుతో పని లేదు, ఇది చేతిమిషను. కొత్త సూది ఎక్కించాం. మిషను కుట్టింది గాని, అడుగుదారం గుడ్డ పైకి చుక్కలు చుక్కలుగా తేలుతోంది. సాయిబుగారు పైదారం మర ఎంత తిప్పినా లొంగలేదు.

ఆ ఆదివారం చెల్లాయి వచ్చింది. ఒక్క క్షణం చూసి, "షటిల్ ఇలా ఇవ్వు, అన్నయ్యా" అంది. దారం కొస పట్టుకుని షటిల్‌ను గాలిలో వేలాడదీసి చిన్నగా కుదిపింది. అది జర్రున నేలదాకా జారింది. "చూశావా, అడుగుది వదులు. కుదిపితే రెండంగుళాలు జారి ఆగాలి." షటిల్ మీది చిన్న మరను గోరంత బిగించింది. మళ్ళీ కుదిపితే షటిల్ కొంచెం జారి, బుద్ధిగా ఆగింది. కుట్టు రెండువైపులా ఒక్కలాగే పడింది. "ఏభై ఏళ్ళుగా నా దగ్గర ఇంత పనితనం ఎవరూ చూపలేదమ్మా" అన్నాడు సాయిబుగారు.

మిషను ఎవరికి చెందాలో ఇంట్లో ఇక ఎవరూ చర్చించలేదు. దీపం సంగతి మా కోడలే మరిచిపోయి, దుప్పటి చుట్టి మిషనును కారులో పెట్టించింది. అగ్గిపెట్టె కూడా దానితోపాటే ఇచ్చేశాను. చెల్లాయి తెరిచి చూసి, ఎర్ర పొర మీద వేలు పెట్టి, "ఇది నా ఓణీ" అంది.

మొన్న ఫోను చేసింది. మనవరాలికి షటిల్ కుదపడం నేర్పుతోందట. చివర్లో, "అన్నయ్యా, నీ చొక్కా కొలతలు పంపించు" అంది.