తెగకముందే మార్చాలి
బాగానే నడుస్తున్న కారుకు టైమింగ్ బెల్టు ఎందుకు మార్చాలన్న ప్రశ్న సహజమే. కానీ ఈ పళ్ల రబ్బరు పట్టీ తెగేముందు చాలాసార్లు హెచ్చరించదు. పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టు ఒక్క చుట్టే తిరగాలి. ఆ లెక్కను కాపాడేది ఇదే. బెల్టు తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు తెరిచి ఉన్న వాల్వులను గుద్ది వంచేస్తాయి. బెల్టు ఖర్చుతో పోయేది ఇంజన్ విప్పేదాకా వస్తుంది.

కారు ఎక్కువ తిరగలేదు కదా అనవచ్చు. రబ్బరుకు దూరంతోపాటు వయసూ ఉంది; వేడి, కారిన ఆయిలు దాన్ని ఇంకా త్వరగా చెడగొడతాయి. అందుకే కారు పుస్తకంలో కిలోమీటర్లు, ఏళ్లు రెండూ చూడాలి. చాలా కార్లకు ఈ గడువు లక్ష కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది, ఏళ్లు ముందు నిండితే అప్పుడే మార్చాలి. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనరును, అదే బెల్టుతో తిరిగే వాటర్ పంపునూ అప్పుడే మార్చడం దుబారా కాదు. విప్పే కూలి ఒక్కసారితో తీరిపోతుంది.