పండుకుంటే గుంజే కాళ్ళు

"వదినా, రాత్రి మీ డాబా మీద ఎవరో తిరుగుతుంటే దొంగేమో అని మా ఆయన కర్ర తీశాడు" అన్నాను.

"దొంగ గాదు, నేనే" అంది పక్కింటి వదిన, గోడ మీద ఆరేసిన మిరపకాయలు అటూ ఇటూ తిప్పుతూ.

వాళ్ళది నల్గొండ వైపు, మాది విజయవాడ వైపు. ఇద్దరం చైతన్యపురిలో ఇళ్ళు కట్టుకుని ఈ గోడ దగ్గర చుట్టాలమయ్యాం. "రాత్రి పదైతె సాలు, పిక్కలల్ల ఏదో పాకినట్టయితది. పండుకుంటె గుంజుడు షురూ. లేసి నడిస్తె ఆగుతది, మల్ల పండుకుంటె మల్ల మొదలు. పిసికి పిసికి మీ అన్నయ్య చేతులు గుంజుతున్నయ్."

నేను ల్యాబులో జనం రక్తాలు తీసి తీసి రిటైరయిన మనిషిని. ఇలాంటి మాట వింటే ఊరుకోలేను.

దీన్ని డాక్టర్లు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. కొత్త జబ్బేం కాదు. 1672లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు వైద్యుడు రాశాడు. ఆ పేరు పెట్టింది మాత్రం 1945లో స్వీడన్ డాక్టరు ఎక్‌బమ్. నాలుగు గుర్తులు చూస్తారు: కాళ్ళు కదపకుండా ఉండలేకపోవడం, ఊరికే కూర్చున్నా పడుకున్నా మొదలవడం, కదిపితే తగ్గడం, సాయంత్రం నుంచి ఎక్కువవడం. షుగరు వల్ల నరాలు దెబ్బతింటే వచ్చే మంట, తిమ్మిరి నాలుగడుగులు వేస్తే పోయేవి కావు. పిక్క పట్టేస్తే కండ రాయిలా గట్టిపడుతుంది. ఇది ఆ రెండూ కాదు.

"బస్సులో ఎలా ఉంటుంది?" అని అడిగాను. దానికి వదిన పెద్ద కథే చెప్పింది. కూతురి దగ్గరికి పోదామని ఎల్బీనగర్‌లో రాత్రి విజయవాడ బస్సెక్కితే, హయత్‌నగర్ దాటకముందే మొదలట. సూర్యాపేటలో చాయ్‌కి ఆపేదాకా సీట్ల మధ్య నిలబడే ఉందట. కండక్టరు కూర్చోమని అరుపు, వెనక సీటు ముసలాయన విసుగు. ఇప్పుడు పగటి బస్సులో, అదీ నడవా పక్క సీటు దొరికితేనే వెళ్తోంది. అది మంచి పనే.

"రక్తపరీక్ష చేయించావా?"

"జేయించిన. హిమోగ్లోబిన్ పన్నెండున్నర. రక్తం మంచిగున్నదన్నరు."

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. హిమోగ్లోబిన్ అంటే డబ్బాలో పోసుకున్న బియ్యం, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ అంటే బస్తాలో ఉన్నవి. బస్తా అడుగంటినా డబ్బా కొన్నాళ్ళు నిండుగానే కనిపిస్తుంది. మెదడులో డోపమిన్ అనే రసాయనం తయారవడానికి ఇనుము కావాలి. అది చాలకపోతే ఈ గుంజుడు ఎక్కువవుతుంది. ఫెరిటిన్ చేయించినా ఇంకో చిక్కుంది. 20 వచ్చిందనుకో, రిపోర్టులో అది నార్మల్ కిందే పోతుంది, ఎర్రగా చూపించదు. కానీ ఈ జబ్బున్నవాళ్ళకు 75 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఇనుము ఇవ్వడం గురించి డాక్టరు ఆలోచించాల్సిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇక బస్తా అడుగంటినవాళ్ళు ఇంకెందరో!

"అయితె దుకాణంల ఐరన్ గోలీలు తెచ్చుకుంట."

"వద్దు. పరీక్ష చూసి డాక్టరు చెప్పాకే. ఇనుము ఎక్కువైనా ప్రమాదమే."

రాసిస్తే మాత్రం చాయ్‌తో వేసుకోకూడదు, చాయ్ దాన్ని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. మాత్ర పడనివాళ్ళకు సెలైన్‌లో ఎక్కిస్తారు. గర్భిణులకూ, డయాలసిస్ చేయించుకునేవాళ్ళకూ ఈ బాధ ఎక్కువ. వాళ్ళు తమ డాక్టరుకే చెప్పుకోవాలి.

ఇంతలో వదిన ఇంకో మాట బయటపెట్టింది. నిద్ర పడుతుందని రోజూ రాత్రి జలుబు మాత్ర వేసుకుంటోందట! మత్తునిచ్చే ఆ క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి ఈ గుంజుడును ఇంకా పెంచుతాయి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, దిగులుకిచ్చే కొన్ని మందులు కూడా అంతే. దిగులు మందులు సొంతంగా మానేయకూడదు గానీ, జలుబు మాత్రను నిద్రమాత్ర చేసుకోవడం దేనికమ్మా?

పడుకునే ముందు పిక్కలు సాగదీయడం, గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు పెట్టడం, సాయంత్రం చాయ్ మానడం, ఇవన్నీ కొందరికి కొంత ఉపశమనం. అప్పటికీ ఆగకపోతే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటి మందులున్నాయి, డాక్టరు చీటీ మీదే. ఒకప్పుడు ముందుగా ప్రామిపెక్సోల్, రోపినిరోల్ రాసేవారు. ఏళ్ళ తరబడి వాడితే బాధ సాయంత్రానికి బదులు మధ్యాహ్నమే మొదలై చేతులకూ పాకుతోందని తేలింది. అందుకే 2025లో వచ్చిన అమెరికా నిద్రవైద్యుల మార్గదర్శకాలు వాటిని మామూలుగా మొదట వాడొద్దన్నాయి. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఉన్నట్టుండి ఆపకూడదు సుమా.

"సరె, రేపే ఫెరిటిన్‌కి పోత."

"పొద్దున్నే పరగడుపున వెళ్ళు. జ్వరమో, ఏదైనా వాపో ఉంటే మాత్రం ఆగు. అప్పుడు ఫెరిటిన్ లేనిదీ ఉన్నట్టు చూపిస్తుంది."

"పరగడుపునంటె చాయ్ కూడ వద్దా?"

"చాయ్ కూడా వద్దు."

"గట్లయితె ఎల్లుండి పోత."