గిర్ని లెక్క

ఈ సంవత్సరపు సంచికకై తెలుగు విభాగమునకు వచ్చిన రచనలను దిద్దుచుండగా ఒక ద్వితీయ సంవత్సర విద్యార్థి వ్యాసము మా చేతికి వచ్చినది. శీర్షిక “నీటి నుండి ఉచిత విద్యుత్తు”. సూర్యునిలో జరుగు కేంద్రక సంలీనమును భూమిపై సాధించినచో బకెట్ నీళ్లతో ఊరంతటికి వెలుగు వచ్చుననియు, ఇక కరెంటు బిల్లు ఉండదనియు ఆ అబ్బాయి వ్రాసినాడు. భాష చక్కగా ఉన్నది. మేము తెలుగు ఎం.ఏ. చదివినవారము, భౌతిక శాస్త్రము మా పాఠము కాదు. అయినను ‘ఉచిత’ అను మాట వద్ద మా ఎర్ర కలము ఆగినది. అందుకు కారణము మా అబ్బాజాన్ నడిపిన పిండి గిర్ని.

మానుకోటలో ఆ గిర్నికి గోధుమలు, జొన్నలు, మిరపకాయలు జనులే తెచ్చుకొనెడివారు. అనగా ముడిసరుకు మాకు ఉచితమే! అయినను అబ్బాజాన్ లెక్కల పుస్తకము నిండ మోటారు అప్పు కిస్తీ, వడ్డీ, రాళ్లకు కక్కు కొట్టించిన కూలి. రాళ్లు అరిగి నునుపైనప్పుడు కక్కు కొట్టువానికై ఎదురుచూచుచు రెండు మూడు దినములు గిర్ని మూతపడెడిది. పిండి ఆగినను కిస్తీ ఆగదు కదా! గంటకు ఎక్కువ పిండి పడవలెనని మరియొక అప్పు చేసి పెద్ద మోటారు పెట్టించినారు. రాళ్లు మాత్రము పాతవే. అవి మునుపటికంటె త్వరగా అరిగినవి. మేము డిగ్రీలో ఉండగా గిర్ని అమ్ముడుపోయినది.

ఇంధనము విషయమున మా విద్యార్థి చెప్పినది నిజమే. నీటిలోని హైడ్రోజను పరమాణువులలో సుమారు 6,400కు ఒకటి బరువైనది. దానికి డ్యుటీరియము అని పేరు. దానిని వెతుకుచు సూర్యుని దాక పోనక్కరలేదు. డోర్నకల్లులో రైలు మారి మణుగూరు పోయినచో, ఆ ప్రాంతమున గోదావరి ఒడ్డుననే భారజల కర్మాగారము కలదు. నేడు ఆ భారజలము సాధారణ అణువిద్యుత్ కేంద్రములకు పోవుచున్నది. సంలీనమునకు కావలసిన రెండవ ఇంధనము ట్రిటియము. అది పన్నెండేండ్లకు సగమైపోవును, ప్రకృతిలో దాదాపు దొరకదు. కనుక యంత్రము చుట్టు లిథియముతో పొర కట్టి, యంత్రమే దానిని పుట్టించుకొనవలెను.

ఇక కరెంటు బిల్లు భాషలో చెప్పుకొందము. 2022 డిసెంబరులో అమెరికాలోని లివర్మోర్ ప్రయోగశాలలో లేజరు కిరణములు ఇచ్చిన శక్తికంటె సంలీనము ఇచ్చిన శక్తి ఎక్కువైనదని లోకమంతయు సంతోషించినది. వచ్చినది 3.15 మెగాజౌళ్లు, అనగా ఒక యూనిట్ కంటె తక్కువ. లేజరును నడుపుటకు కరెంటు తీగెల నుండి తీసుకొన్నది సుమారు 300 మెగాజౌళ్లు. అనగా 83 యూనిట్లు. ఇంగ్లండులోని జెట్ యంత్రము 2023లో, మూతపడుటకు ముందు, 69 మెగాజౌళ్లు ఇచ్చినది. అది 19 యూనిట్లకు సమానమైన వేడి. ఖర్చైన ఇంధనము మిల్లీగ్రాములో అయిదవ వంతు! ఇంధనము చవుక అనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? ఖరీదంతయు యంత్రమునదే.

ఆ యంత్రమునకును అరుగు రాళ్లు కలవు. సంలీనమున పుట్టు శక్తిలో అయిదింట నాలుగు వంతులు న్యూట్రానులతో బయటికి దూకును. అయస్కాంతము వాటిని ఆపలేదు. అవి లోపలి గోడను కొట్టి కొట్టి ఉక్కును పెళుసు చేయును. కొన్నేండ్లకొకసారి గోడను విప్పి క్రొత్తది బిగించవలెను. మనిషి లోపలికి పోరాదు, యంత్రపు చేతులే ఆ పని చేయవలెను. అన్ని దినములు విద్యుత్తు సున్న, వడ్డీ మాత్రము నిండుగా. చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రమున బొగ్గు కాల్చకున్న బొగ్గు ఖర్చైనను మిగులును. ఇక్కడ మిగిలించుకొనుటకు ఇంధనపు ఖర్చే లేదు.

ఇంజనీర్లు ఇది ఎరుగనివారు కారు. అయస్కాంత బలము రెండింతలైనచో అదే పరిమాణపు యంత్రమున శక్తి పదహారింతలు కాగలదు. 2021లో మసాచుసెట్స్‌లో క్రొత్త రకపు అతివాహక పట్టీలతో చేసిన పెద్ద అయస్కాంతము 20 టెస్లాలు చూపినది. దానితో యంత్రమును చిన్నదిగా, తక్కువ ఖర్చుతో కట్టవచ్చునని వారి ఆశ. అయితే చిన్న యంత్రమున గోడ చదరపు గజముపై దెబ్బ ఎక్కువ. ఇది చదివినప్పుడు మాకు పెద్ద మోటారు, పాత రాళ్లు కన్నుల ముందు మెదలినవి. అందుకే కొందరు గోడను సులువుగా విప్పుటకై అయస్కాంతములనే అతుకులతో కట్టు ఉపాయములు వెతుకుచున్నారు.

పోటీ కూడ తేలికది కాదు. 2020లో గుజరాత్ వేలమున సౌరవిద్యుత్తు యూనిట్ 1.99 రూపాయలకు పలికినది. రాత్రి వేళ అది ఉండదు, నిజమే. సంలీన కేంద్రమునకు మిగిలిన సందు అదియే.

1955లో జెనీవాలో హోమీ భాభా ఇరువది ఏండ్లలో సంలీనశక్తిని అదుపులోనికి తెచ్చు మార్గము దొరుకునని చెప్పినారు. మన దేశమును కలిసి కట్టుచున్న ఫ్రాన్సులోని ఈటర్, 2024 నాటి ప్రణాళిక ప్రకారము, డ్యుటీరియము-ట్రిటియముతో పని మొదలుపెట్టునది 2039లో. అదియు ప్రయోగమే, విద్యుత్తు అమ్మదు.

ఒక సాయంత్రము ఇదంతయు అబ్బాజాన్‌కు వినిపించినాము. ఆయన తస్బీ ప్రక్కన పెట్టి, “గోడ మార్చుటకు ఎన్ని దినములు పట్టును?” అని మాత్రము అడిగినారు. మరునాడు ఆ ప్రశ్నను విద్యార్థికి అప్పగించినాము. ‘ఉచిత’ను కొట్టివేసి ‘చవుక’ అని పెట్టుకొందునా సార్ అని వాడు అడిగినాడు. అదియు ఇప్పుడే వద్దన్నాము. రెండవ ప్రతి ఇంకను మాకు అందలేదు. భౌతిక శాస్త్ర విభాగము గది ముందు వాడు కాగితములతో నిలబడి ఉండగా నిన్న చూచినాము.