బోరు డబ్బులూ, కార్బన్ సైకిలూ

మా చంద్రశేఖరపురంలో ఈత అంటే బావి. వెలిగొండల పక్కనున్న మెట్ట ప్రాంతం మాది. బావుల్లో నీళ్లున్న రోజుల్లో నడుముకి బెండ్లు కట్టుకుని దూకేవాళ్లం. సైకిలంటే పాల క్యాన్లు మోసేది. పరుగంటే బస్సు వెళ్లిపోతుంటే తీసేది. ఈ మూడూ కలిపి ఒక పోటీ ఉందనీ, దానికి లక్షలు పోసి సామాను కొంటారనీ మా మేనల్లుడు చెప్పేదాకా మా అక్కకి తెలీదు.

ఆ పోటీ పేరు ట్రయాథ్లాన్. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో చోటు సంపాదించింది. అక్కడ 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవడం ఉండదు. బూట్లు వేసుకునే సమయం కూడా లెక్కలోకే వస్తుంది. 2019లో గోవాలో ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ జరిగాక మన ఉద్యోగస్తుల్లోనూ ఈ మోజు పెరిగింది. ఈతా సైకిలూ పరుగూ కలిపి 70.3 మైళ్లు కాబట్టి దానికా పేరు. మావాడు చేరాలనుకున్నది అంత పెద్దది కాదు. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు ఉండే స్ప్రింట్.

వాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. కావలసిన వస్తువుల పట్టీ రాసుకొచ్చాడు: కార్బన్ సైకిల్, ఏరో హెల్మెట్, వెట్‌సూట్, జీపీఎస్ వాచీ, బూట్లు. అన్నీ కలిపి రెండు లక్షల పైమాటే. సగం వాడి దగ్గరుంది. మిగతా సగం వాళ్లమ్మని అడిగాడు. అక్క దగ్గరున్నది బోరు వేయించడానికి దాచిన డబ్బు. పాత బోరు ఎండిపోయి రెండేళ్లయింది. బత్తాయి చెట్లు వడలిపోతున్నాయి. అయినా అక్క లేదనలేదు. ‘‘నువ్వొకసారి చూడరా, బళ్లో పిల్లల్ని ఆడించినవాడివి గదా’’ అని ఆ పట్టీ తెచ్చి పీఈటీగా రిటైరైన నా చేతిలో పెట్టింది.

సంక్రాంతి సెలవుల్లో మామా అల్లుళ్లం కూర్చున్నాం. మొదట వెట్‌సూట్ కొట్టేశాను. ఆ రబ్బరు తొడుగు చలినీళ్లలో ఒంటి వేడి కాపాడటానికి. తేలడానికీ కాస్త సాయపడుతుంది. నీళ్లు మరీ వెచ్చగా ఉంటే పోటీ నిబంధనలే దాన్ని తొడగనివ్వవు. మన ఎండల్లో అది దండగ. దాని బదులు మంచి కళ్లద్దాలు కొనుక్కోమన్నాను. పట్టీ తగిలించకుండా కంటికి ఆనించి నొక్కితే రెండు క్షణాలైనా అతుక్కోవాలి. రాలిపోతే అవి మన ముఖానివి కావు.

జీపీఎస్ వాచీ తర్వాత చూసుకోవచ్చు. పోటీలో సమయం లెక్కపెట్టడానికి నిర్వాహకులే కాలికి చిప్ కడతారు. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనాలి. ఒకసారి పడి దెబ్బతిన్నది పైకి బాగానే కనిపించినా పనికిరాదు. పట్టీ బిగించాకే స్టాండు మీంచి సైకిల్ తీయాలన్నది ఈ పోటీల్లో నియమం. అయితే అది ఏరో హెల్మెటే కానక్కర్లేదు. తలకి సరిపోయి, భద్రతా ముద్ర ఉంటే చాలు.

అసలు పేచీ సైకిల్ దగ్గరొచ్చింది. ‘‘కార్బన్ అయితే తేలిక మామా’’ అన్నాడు. తేలికే. కానీ చదును రోడ్డు మీద వేగంగా తొక్కేటప్పుడు మనల్ని వెనక్కి లాగేది బరువుకన్నా గాలి. ఆ గాలికి ఎక్కువగా అడ్డం పడేది సైకిల్ కాదు, దాని మీది మనిషి. నడుం వంచి గంటసేపు తొక్కగలిగేలా సైకిల్ ఒంటికి సరిపోతే, అదే సగం లాభం. సీటు మీద కూర్చుని మడమని పెడల్ మీద పెడితే, పెడల్ కిందికి వెళ్లినప్పుడు కాలు నిటారుగా చాగాలి. వంగిందా, సీటు పల్లంగా ఉన్నట్టు. అందకపోతే ఎత్తుగా ఉన్నట్టు.

చివరికి ఒకరు వాడిన అల్యూమినియం రోడ్ సైకిల్ తీసుకున్నాడు. పాత కార్బన్ సైకిళ్లూ దొరుకుతాయి గానీ, వాటిలో పగులు ఉన్నా పైకి కనపడకపోవచ్చు. మిగిలిన డబ్బుతో టైర్లు, చైను, బ్రేకు రబ్బర్లు మార్పించాడు. బూట్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దన్నాను. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి అప్పుడే వెళ్లి, రోజూ వేసుకునే సాక్సుతోనే తొడిగి చూడాలి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. పోటీకి కొన్ని వారాల ముందు నుంచీ వాటితోనే పరిగెత్తాలి. పోటీ రోజున కొత్త వస్తువేదీ ఒంటి మీద ఉండకూడదు.

మొత్తం వాడి సగంలోనే సరిపోయింది. అక్క డబ్బు బోరుకే ఉంది. నీళ్లు పడతాయో లేదో ఆ భూదేవికే తెలియాలి.

ఉగాదికి వాడు ఆ సైకిల్ మీద పొద్దున్నే భైరవకోన దాకా వెళ్లొచ్చాడు. ఎంత వేగంతో తొక్కాడో, గేర్లు ఎన్నో ఉత్సాహంగా చెబుతుంటే అక్క అంతా విని ఒక్కటే అడిగింది, ‘‘బ్రేకులు బాగా పడతన్నాయా నాయనా?’’ అని. సైకిల్ కొనేవాళ్లు అంగట్లో ముందుగా అడగాల్సింది అదే.