మన్యము నుండి నాన్నగారికి

రంపచోడవరము



రాజమహేంద్రవరమున బయలుదేరిన బస్సు గోకవరము దాటి, వరిచేలు వెనుకబడి జీడిమామిడి తోటలు మొదలైన పిదప, కొండలలోనికి ఎప్పుడు ప్రవేశించినదో తెలియనీయకయే నన్నిచ్చట దింపినది. సంతకు వచ్చిన కొండరెడ్లు చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు, వెదురుబుట్టలు అమ్ముకొని, ఉప్పును ఎండుచేపలను మూటగట్టుకొని, ప్రొద్దు వాలకమునుపే తిరిగి కొండలెక్కుదురు. తక్కెడ పట్టినవాడు మాత్రము నావలెనే దిగువనుండి వచ్చినవాడు.

పోడును గూర్చి మీ యభిప్రాయము నేనెరుగుదును. అడవిని కాల్చి, రెండుమూడేండ్లు పండించుకొని, నేల అలసినంతనే మరియొక కొండకు పోవువాడు సేద్యగాడు కాడని కరణీకము చేసిన నాళ్ళలో మీరు చెప్పెడివారు. ఇచ్చటి ముదుసలి రెడ్డి యొకడు చూపిన కొండవాలును చూచిన పిదప నేనట్లనజాలను. ఎండలలో పొదలు నరికి, తొలకరికి ముందు నిప్పుపెట్టి, నాగలి నిలువని ఆ యేటవాలున కర్రతో గుంటలు చేసి సామ, జొన్న, కంది, చోళ్ళు కలిపి విత్తుదురు. ఇప్ప, చింత, మామిడి, జీలుగు చెట్లజోలికి గొడ్డలి పోదు. ఒక గింజ పండనియేడు మరియొకటి ఆదుకొనును. విడిచిన నేల మరల అడవియగును. తిండి తరిగిన నెలలలో జీలుగుకల్లును, మామిడిటెంకల జీడితో కాచిన అంబలియును వారిని నిలుపును. ఏ చెట్టు ఎవరు గీయవలెనో ఊరందరికి తెలియును గనుక దానికి కాగితము లేదు.

కాగితము దిగువనుండి వచ్చినది. 1848లో కుంపిణీవారు రంపకు మన్సబుదారుగా నిలిపినవాడు ముఠాదారులను పిండి కల్లుపై చిగురుపన్ను వసూలు చేయుచుండగా, ఆ పన్నుకు తోడు దొరతనమువారి అబ్కారీ నిబంధనలు వచ్చి, ఇంటివాడుకకు కల్లు గీచుకొనుటయే నేరమనియు, ఆ హక్కు వేలముపాట పాడినవానిదే యనియు శాసించినవి. నోటిమాటపై బేరములాడిన వర్తకులు మైదానపు కోర్టులలో దావాలు వేసి, కొండ దిగి రాలేని ప్రతివాదిపై ఎక్స్‌పార్టీ డిక్రీలు పొంది, పశువులను పంటను జప్తుచేయించిరి. 1879 మార్చిలో ఈ చోడవరముననే ఫితూరి రగిలినది. అది గొలుగొండ కొండలకును, భద్రాచలము వైపు రేకపల్లికిని ప్రాకినది. 1874లో మద్రాసు పాలనలో చేరిన రేకపల్లిలో అంతకు పూర్వము అడ్డులేని పోడుపై పన్ను మూడింతలు చేసియుండిరి. అడ్డతీగల ఠాణాను తగులబెట్టిన ద్వారబంధాల చంద్రయ్యయు, కారం తమ్మన్నదొరయు 1880లో హతులైరి. విచారణకు వచ్చిన సల్లివను దొర ప్రజల కష్టములు నిజమని గుర్తించెను. మన్సబుదారుని తొలగించి ముఠాదారులకు సనదులిచ్చిరి. అంతయు తెలిసిన పిదపనే, 1882లో, మద్రాసు అటవీ శాసనము వచ్చినది! కల్లుచెట్టు విషయమున జరిగినదే ఇక కొండకంతకు జరిగినది.

కృష్ణదేవిపేట

ఇచ్చట అల్లూరి సీతారామరాజు సమాధిని దర్శించితిని. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా పడి తుపాకులు గొనిపోయిన కథయు, 1924 మే 7న కొయ్యూరువద్ద ఆయనను కాల్చిచంపిన కథయు మీరే నాకు చిన్ననాట చెప్పితిరి. మీరు చెప్పనివారు గాము సోదరులైన గంటందొర, మల్లుదొర. మనము ఆ పోరాటమునంతయు ఒక్క మహాపురుషుని పేర వ్రాసికొని, ఆయన వెనుక నడచినవారిని గుంపుగా మాత్రమే తలచుట ఈ నేలపై నిలిచినప్పుడు ఎంత వెలితిగా తోచునో చెప్పలేను. గంటందొర యుద్ధమున ప్రాణము విడిచెను. మల్లుదొర అండమానుల శిక్ష అనుభవించి, బ్రతికి వచ్చి, 1952లో విశాఖపట్టణము నుండి తొలి లోకసభకు ఎన్నికయ్యెను.

చింతపల్లి

నర్సీపట్టణమునుండి లంబసింగి మీదుగా ఇచ్చటికి చేరితిని. చలి మిక్కుటముగా నున్నది. అమ్మ ఇచ్చిన శాలువ పనికివచ్చినది. నేను కిటికీ ప్రక్కన కూర్చుండి సుఖముగా ఎక్కివచ్చిన ఈ ఘాటీబాటకై గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను కొండవారిచేత చాలీచాలని కూలికి బలవంతపు చాకిరి చేయించెను. 1922 నాటి అలజడికి కారణములలో అది యొకటి. తెల్లదొరలు మన్యమునకు బాటలు తెచ్చిరని మీరనుమాట సత్యమే. ఆ బాటవెంట ఎక్కివచ్చినది అడవిగార్డు, సారాపాటదారు, వడ్డీవ్యాపారి, దిగిపోయినది కలప. శాసనము లండనులోనో మద్రాసులోనో పుట్టియుండవచ్చును గాని, దానిని చేతబట్టుకొని కొండయెక్కినవాడు మన భాష మాటలాడువాడు, తరచు మన బంధువు. తెల్లవాడు పోయిన పిమ్మట వాడు దిగిపోలేదు. వలసపాలనను దూషించు మన వ్యాసములలో ఈ భాగము కనబడదు.

దొరతనమువారికిని ఆలస్యముగా భయము పుట్టక పోలేదు. 1917 శాసనము ఏజెంటు అనుమతి లేక కొండజాతివాని భూమి ఇతరునికి చేరరాదనియు, వడ్డీ సాలుకు నూటికి 24 మించరాదనియు నిర్ణయించినది. మన ప్రభుత్వము 1959లో మరియొక నిబంధన చేసి, 1970లో దానిని బిగించి, ఏజెన్సీలో గిరిజనేతరుడు గిరిజనేతరునికి సైతము భూమి విక్రయింపరాదనినది. శాసనము ఇంత స్పష్టముగా నున్నను, భూమి చేతులు మారుట బినామీ పేర్ల చాటున సాగుచునే యున్నది.

కరణీకము పోయినను ఊరివారు దస్తావేజుల సలహాకు మీ అరుగుమీదికే వత్తురు గదా. ఏజెన్సీలో నేల చౌకగా నున్నది, పాలేరు పేరనో మరియెవరి పేరనో వ్రాయించుకొందుమని ఎవరైన వచ్చినయెడల, వారు మనవారే యైనను, 1970 సవరణను చదివి వినిపించి పంపివేయ ప్రార్థన.