ఖాళీ పళ్లెం

ఒక బహుళజాతి సంస్థలో గణకునిగా పోలండులోని క్రాకోవ్ నగరానికి వచ్చిన తొలినాళ్లలో, చలికన్న మౌనమే నన్ను ఎక్కువగా బాధించింది. ఏడు విభక్తుల పోలిష్ భాష నా నాలుకకు లొంగలేదు. కార్యాలయంలో సహోద్యోగిని ఒకామె ఓపికతో నా తప్పులు దిద్దేది. ఆ దిద్దుబాట్ల నడుమనే మా అనురాగం మొలకెత్తింది.

డిసెంబరు 24న 'విగీలియా' విందుకు ఆమె నన్ను తన ఇంటికి తీసుకొనిపోయింది. తొలి నక్షత్రం పొడిచిన పిమ్మట గాని వారు భోజనానికి కూర్చోరు. బల్లపై మాంసం లేని పన్నెండు వంటకాలున్నాయి. అప్పడం వలె పల్చనైన 'ఒప్వాతెక్' రొట్టెను తుంచి, ఒకరికొకరు పంచుకొని, శుభాకాంక్షలు చెప్పుకొన్నారు. మేము ఐదుగురము, పళ్లేలు ఆరు.

"ఆ ఆరవది ఎవరికి?" అని అడిగాను.

"అనుకోకుండా వచ్చే అతిథికి, రాలేకపోయిన ఆత్మీయులకు కూడా" అన్నారు ఆమె తల్లి.

ఆ ఏడాదే గుంటూరులో మా నాన్నగారు కన్నుమూశారు. నేను చేరేసరికి అంత్యక్రియలు ముగిశాయి. ఆ సంగతి ఆవిడకు తెలుసు. మరేమీ అనకుండా ఆ పళ్లేన్ని నా పక్కకు జరిపారు.

ఆవిడ ఇప్పుడు మా అత్తగారు. నా విభక్తులు నేటికీ తప్పుతూనే ఉన్నాయి. అయినా ఏటా ఆ రాత్రి పళ్లేలు సర్దే పని నాదే. ఒకటి అదనంగా పెట్టడం మాత్రం ఎన్నడూ మరువలేదు.